కునుకయ్య దీపం

మా దేవుడి పేరు కునుకయ్య. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు, పేరు పెట్టిననాడు మేమూ కడుపు పట్టుకుని నవ్వినవాళ్లమే. కానీ రాత్రి షిఫ్టులో రియాక్టర్ పక్కన నిలబడి, మూతలు పడే కళ్లను చన్నీళ్లతో కడుక్కునే మనిషికి నిద్ర కంటే పెద్ద దేవుడు ఎవరుంటారో మీరే చెప్పండి. ఆ దేవుణ్ణి కనిపెట్టినవాడు సంగప్ప. నాతోపాటు కాజీపల్లి మందుల ఫ్యాక్టరీలో ఆపరేటర్‌గా చేసేవాడు, ఊరు లక్డారం. 'నిద్రపోయేవాణ్ణి లేపరాదు' అన్నది కునుకయ్య మతంలో మొదటి సూత్రం. రెండో సూత్రం రాయడానికి ఎవరికీ తీరిక దొరకలేదు.

కునుకయ్య ఉండేది ఫోన్‌లో. దివ్వెల రాజ్యం అని ఒక ఆట ఉంది. బొమ్మలు లేవు, తుపాకులు లేవు, చప్పుడు లేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వస్తుంటాయి, అంతే. 'నువ్వు వాగు ఒడ్డున నిలబడ్డావు. ఉత్తరాన చింతతోపు. తూర్పున ఒక గుడి, లోపల దీపం వెలుగుతున్నది' అని రాసి ఉంటుంది. 'ఉత్తరం' అని కొడితే తోపులోకి పోతావు. అక్కడ ఎవరైనా ఉంటే వాళ్ల పేరు కనిపిస్తుంది, పలకరించవచ్చు, పోట్లాడవచ్చు. పాత ఫోన్లలో కూడా నడుస్తుంది, సిగ్నల్ ఒక్క గీత ఉంటే చాలు. పైగా దూరం నుంచి చూసేవాళ్లకు ఏవో మెసేజ్‌లు చదువుకుంటున్నట్టు ఉంటుంది. మా ఫ్యాక్టరీ వాళ్లుండే ఇస్నాపూర్ కిరాయి గదుల్లో ఆ ఆట అంటుకోవడానికి ఇంకేం కావాలి.

ఆ రాజ్యంలో అందరికీ పని ఒకటే. తన దేవుణ్ణి నిలబెట్టుకోవాలి, పక్కవాడి దేవుణ్ణి పడగొట్టాలి. ప్రతి దేవుడికీ ఒక గుడి, గుడిలో ఒక దీపం, ఒక పూజారి. దీపంలో ఒకసారి నూనె పోస్తే ఎనిమిది గంటలు వెలుగుతుంది. పోయవలసింది భక్తులు, పూజారి ముట్టుకోకూడదు. భక్తులు లేని దేవుడు ఎందుకని ఆట చేసినవాడి ఆలోచన. దీపం ఆరితే దేవుడు చచ్చినట్టే, గుడి కూలిపోతుంది. భక్తులు ఇంకో గుడి చూసుకోవచ్చు గానీ, పూజారి మాత్రం దేవుడితోపాటే పోతాడు. ఒకసారి పూజారి అయ్యాక మానుకోవడం లేదు.

భక్తుడు కావాలంటే ఫోన్ నంబరు ఇచ్చి, వచ్చిన ఓటీపీ కొట్టి, ఒట్టు పెట్టుకోవాలి. 'కునుకయ్య తప్ప నాకు ఇంకో దేవుడు లేడు. ఇప్పటిదాకా కొలిచినవాళ్లందరినీ విడిచాను.' ఇదీ ఒట్టు. నేను ఈ ఒట్టు బస్సు కోసం నిలబడి పల్లీలు తింటూ పెట్టుకున్నాను. అదే వారం ఏడుపాయలకు పోయి దుర్గమ్మకు కొబ్బరికాయ కూడా కొట్టి వచ్చాను. ఫోన్ అడిగే సవాలక్ష ఒప్పందాల్లో అదొకటి అనుకున్నాను, చదవకుండా ఒప్పుకునే అలవాటు మనకు ఉండనే ఉంది.

రెండు వానాకాలాల కింద సంగప్ప షిఫ్టు దిగి ఇంటికి పోతుంటే సర్వీసు రోడ్డు మీద బండి జారింది. నడుము విరిగింది. పెద్ద దవాఖానలో డాక్టరు మా ఇద్దరికీ చెప్పాడు, నడుము కింద ఇక చలనం రాదని, ఆశ పెట్టుకోవద్దని. ఆ సమయానికి వాళ్లమ్మ మొగులమ్మ నల్లా దగ్గర టిఫిన్ డబ్బా కడుగుతున్నది. సంగప్ప నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అవ్వకు చెప్పకు. జెర టైం పడ్తదన్నడని చెప్పు."

అట్లాగే చెప్పాను. ఆమె ఆ మాటను కళ్లకద్దుకుంది. కొడుకు లేచి నడిచిననాడు పోచమ్మకు బోనమెత్తుతానని మొక్కింది. వాడు తన కాళ్ల మీద ముందు నడవాలి, తను బోనంతో వెనక రావాలి, మధ్యలో డప్పు కొట్టాలి, అంతా ఆమె మనసులో అయిపోయింది. మొక్కు తీరేదాకా చెప్పులు వేసుకోనని కూడా అనుకుంది. ఎండాకాలం కూడా ఉత్తకాళ్లతోనే కూలికి పోయేది.

అప్పటిదాకా పూజారి లేని కునుకయ్యకు మంచమెక్కిన సంగప్ప పూజారి అయ్యాడు. ఎవరో ఒకరు ఎప్పుడూ గుడి కనిపెట్టుకుని ఉండాలి కదా, అతని కంటే తీరికైనవాళ్లు మాలో ఎవరున్నారు. నేను వారానికొకసారి లక్డారం పోయేవాణ్ణి. పోగానే కబుర్లు మొదలుపెట్టేవాడు, వాగు దాకా పోయి వచ్చినానని, తోపులో ఎవరో కనిపిస్తే మాట్లాడినానని, గుట్టెక్కినానని.

"గుట్టెక్కినవా, 'పైకి' అని కొట్టినవా?" అని ఒకసారి ఆటపట్టించాను.

"కొట్టిన. కొడితే ఎక్కింది. ఇవి ఎంత కొట్టినా లేస్తలేవు గద" అని దుప్పటి మీద నుంచి తొడలు చరుచుకున్నాడు. మళ్లీ తనే, "ఆడ నాకు కాళ్లున్నయిర శంకర్" అన్నాడు. ఆ తర్వాత నేను ఎప్పుడూ ఆటపట్టించలేదు.

మొదట్లో కునుకయ్యకు మా ఫ్యాక్టరీలోనే బోలెడుమంది భక్తులు. కొందరు పని మారారు, కొందరికి విసుగొచ్చింది, కొందరు బొమ్మలున్న ఆటల్లోకి పోయారు. చివరికి ముగ్గురం మిగిలాం. నేను, ప్యాకింగ్‌లో చేసే సునంద, బాయిలర్ దగ్గరి పెంటయ్య. మూడు షిఫ్టులకు ముగ్గురం. మా గేటు దగ్గర ఫోన్లు తీసుకుని చిన్న చిన్న డబ్బాల్లో పెట్టి తాళం వేస్తారు, షిఫ్టు దిగాకే ఇస్తారు. షిఫ్టు ఎనిమిది గంటలు, దీపం ఎనిమిది గంటలు. అందుకని దిగినవాళ్లు దిగినట్టు, డబ్బాలోంచి ఫోన్ తియ్యగానే, గేటు దగ్గరే నిలబడి 'నూనె పొయ్యి' అని కొట్టేవాళ్లం. ఆ తర్వాతే చాయ్. ఇట్లా చాలాకాలం నడిచింది. ఆ ఆట చేసినవాడు కూడా ఎప్పుడో షిఫ్టులు చేసి ఉంటాడని సునంద అనేది.

మాకు పడనివాళ్లు నిప్పులదొర భక్తులు. సంగారెడ్డి వైపు హాస్టళ్లలో ఉండే ఇంజినీరింగ్ పిల్లలు. వాళ్ల ఫోన్లు ఎవరూ గుంజుకోరు. మా గుడి మెట్ల మీద కూర్చుని, దీపం ఎప్పుడారుతుందా అని ఎదురుచూడటం వాళ్లకు కాలక్షేపం. సంగప్ప వాళ్లతో కూడా మంచిగానే మాట్లాడేవాడు, పరీక్షలెట్లా రాశారని అడిగేవాడు.

ఆ రోజు నాది పొద్దుటి షిఫ్టు. పెంటయ్య ఆరింటికి దిగి, నూనె పోసి, గదికి పోయి పడుకున్నాడు. రెండింటికి నేను దిగి పోయాలి. తొమ్మిది దాటాక ఎవరో మందుల తయారీని తనిఖీ చేసే బయటిదేశపు ఆడిట్ వాళ్లు చెప్పాపెట్టకుండా గేటు దగ్గర దిగారు. మందుల ఫ్యాక్టరీలో ఆడిట్ అంటే ఏందో చేసినవాళ్లకే తెలుసు. గోడలు తుడిచిందే తుడుస్తారు, రాసిందే రాస్తారు, నడిచేవాళ్లు పరుగెత్తుతారు. లోపలివాళ్లు బయటికి పోకూడదన్నారు. బయటున్నవాళ్లను తీసుకురమ్మని బస్సు పంపారు. నిద్రపోతున్న పెంటయ్యను లేపి తెచ్చారు, మధ్యాహ్నం రావలసిన సునందను ముందే తెచ్చారు. ఇద్దరూ ఫోన్లు డబ్బాలో పెట్టి లోపలికొచ్చారు. రెండింటికి శంకర్ దిగుతాడు కదా అనుకున్నారట. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే అనుకునేవాణ్ణి.

ఒంటిగంట దాటాక సూపర్‌వైజర్ శ్రావణ్‌కుమార్ వచ్చి, ఆడిట్ వాళ్లు పోయేదాకా ఎవరూ కదలొద్దన్నాడు. వెంటపడి అడిగాను.

"సార్, ఒక్కసారి ఫోన్ చేసుకొని వస్త. ఇంట్ల పరేషాన్ ఉన్నది."

"ఎవరికేమైంది?"

ఏం చెప్పాలి. మా దేవుడు చావబోతున్నాడు సార్ అని చెప్పాలా. "దోస్తుకు బాగలేదు సార్" అన్నాను.

"దవాఖానకు తీస్కపోయిండ్రా?"

"లేదు సార్, ఇంట్లనే ఉన్నడు."

"మరింకేంది. నాకు పొద్దుగాల నుంచి నీళ్లు తాగెతందుకు టైం లేదు శంకర్. పో, ఆ డ్రమ్ములకు లేబుళ్లు ఉన్నయా లేవా సూడు."

ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఆయన ఫోనూ డబ్బాలోనే ఉంది.

ఖాళీ డ్రమ్ములు ట్రాలీ మీద తోసుకుంటూ గేటు వైపు పోయాను. అక్కడ సెక్యూరిటీ కిష్టప్ప తాత కుర్చీలో కూర్చుని డబ్బాల వైపే చూస్తున్నాడు. ఒక డబ్బా గుర్రుమంటోంది. అది ఆగగానే పై వరుసలో ఇంకొకటి. అది ఆగాక మూలన ఉన్నది. మళ్లీ మొదటిది. మా ముగ్గురివీ.

"మీ ముగ్గురివే మోగుతున్నయిర, అర్ధగంటాయె. ఎవరన్న పోయిండ్రా ఏంది?" అన్నాడు తాత.

"తాతా, ఒక్క నిమిషం నాది ఇయ్యి. ఈడ్నే నీ ముంగట్నే ఒత్తి ఇస్త."

"పైన సూడు" అన్నాడు. పైన కెమెరా ఉంది. "ఇయ్యాల ఆ తాళం తీస్తె రేపు నేనింట్ల కూసోవాలె. కోడలు ఊకుంటదా."

"దీపం ఆరిపోతది తాతా."

"ఏం దీపం?"

ఆయనకు అర్థమయ్యేటట్టు చెప్పడానికి సాయంత్రం దాకా పడుతుంది, నాకున్నది పావుగంట. మా డబ్బాలు ఒకదాని తర్వాత ఒకటి మోగుతూనే ఉన్నాయి. ఎవరో పైనుంచి కేకేశారు, ట్రాలీ తోసుకుంటూ లోపలికి పోయాను. గోడగడియారంలో రెండు కావడం నిలబడి చూశాను. ఆ తర్వాత లేబుళ్లు అతికించాను. చేతులు వాటిపాటికవి పని చేశాయి.

సాయంత్రం వదిలారు. సునంద, నేను, పెంటయ్య గేటు దగ్గర పక్కపక్కనే నిలబడి ఫోన్లు తెరిచాం. గుడి దగ్గర జరిగినదంతా అక్షరాల్లో ఉంది. ఆట దేన్నీ దాచదు.

'దీపం సన్నబడింది' అని వచ్చిన కాడి నుంచి సంగప్ప అడుగుతూనే ఉన్నాడు. ఎవరన్న ఉన్నరా. శంకర్ ఉన్నవా. సునందక్కా. మెట్ల మీద నిప్పులదొర పిల్లలు పోగయ్యారు. సంగప్ప వాళ్లను కూడా అడిగాడు.

'తమ్ముడూ, ఒక్కడన్న ఒట్టు మార్చి జెర నూనె పొయ్యున్రి. మీ దొర తానికి రేపు మళ్ల పోదురు.'

బుల్లెట్ అని పేరు పెట్టుకున్న పిల్లాడు జవాబిచ్చాడు. 'మారితే మా దొర మళ్లీ రానివ్వడు అన్నా. ఆటే కదా, లైట్ తీస్కో.'

చాలాసేపటికి ఒక వరుస వచ్చింది. 'సంగప్ప గుడి దాటి ఉత్తరానికి నడిచాడు.' మళ్లీ, 'సంగప్ప చింతతోపులో నడుస్తున్నాడు.' 'సంగప్ప వాగు దాటాడు.' 'సంగప్ప గుట్ట ఎక్కాడు.' 'సంగప్ప గుట్ట దిగాడు.' దారిలో ఎవరితోనూ మాట్లాడలేదు, ఎక్కడా ఆగలేదు. దీపం ఇక నిలవదని తెలిశాక, ఉన్న ఆ కాసేపూ నడిచాడు. 'సంగప్ప వాగు ఒడ్డున నడుస్తున్నాడు' అన్నదాని కిందనే ఆఖరి మాటలు ఉన్నాయి.

'దీపం ఆరింది. కునుకయ్య ఇక లేడు. పూజారి సంగప్ప ఇక లేడు.'

సునంద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెంటయ్య, "నేను లోపటికి పొయ్యేటప్పుడు ఒక్కసారి పోస్తె అయిపోవు గద" అని అంటూనే ఉన్నాడు. అతన్ని ఊరుకోమని నేను బండి తీశాను.

లక్డారంలో సంగప్ప ఇంటి ముందు మొగులమ్మ గడప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, నడుముకు కట్టుకున్న సంచిలోంచి తన చిన్న ఫోన్ తీసింది.

"బిడ్డా శంకరా, గీ నంబరేనా వాడు అడిగింది?"

తెర మీద ఓటీపీ ఉంది. దాని గడువు ఎప్పుడో తీరిపోయింది.

"అవును పెద్దమ్మా."

"అవ్వా, నీ ఫోన్ల నంబరు వస్తది చెప్పు అన్నడు. ఎవలకు చెప్పొద్దని బ్యాంకుల చెప్పిండ్రు గద, దేనికిరా అన్న. మా దేవుని దీపం ఆరుతున్నది, నువ్వు భక్తురాలివైతె నూనె పోస్తవు అన్నడు. పోస్త తియ్యి, దీపంల నూనె పోస్తె పుణ్యమే గద అన్న. మరి ఒట్టు పెట్టుకోవాలె అని సదివిండు." ఆమె ఫోన్ మళ్లీ సంచిలో పెట్టుకుంది. "ఇంకో దేవుడు లేడు అనాల్నట. అందరిని ఇడిసిన అనాల్నట. పోచమ్మను ఎట్ల ఇడుస్త బిడ్డా? మొక్కు తీరకపాయె. గిప్పుడు ఆ తల్లిని లేదంటె వీని కాళ్లు ఎట్లొస్తయి?"

నేను తల వంచుకున్నాను. ఎదురుగా ఆమె పాదాలు కనిపించాయి, మడమలు నల్లగా పగిలి ఉన్నాయి.

"కాళ్లు మొక్కుత అన్నడు నా కొడుకు. ఇంకేదన్న అడుగురా, నా పానం అడుగు ఇస్త అన్న. అదొక్కటి నోటికి రాకపాయె" అంది.

లోపల సంగప్ప గోడవైపు మొహం తిప్పుకుని ఉన్నాడు. ఫోన్ దిండు పక్కన బోర్లా పడి ఉంది. మంచం పట్టె మీద కూర్చున్నాను. ఏమనాలో తెలియక కోపం తెచ్చుకున్నాను, నాకు చేతనైంది అదే.

"నీకు బుద్ధున్నదార? ఒట్టు సదువుమని ఎవడు చెప్పిండు? నంబరు అడిగి ఒత్తుకుంటె అయిపోవు గద. మేమందరం సదివినమా?"

"మీరు వేరు" అన్నాడు, గోడ వైపు నుంచే. "అవ్వ పేరు మీద దొంగ ఒట్టు నేనెట్ల పెడ్త?"

"కొత్త సిమ్ తెస్త. మళ్ల పుడుదువు. మళ్ల గుడి కట్టుకుందం."

"పోయినోడు పోయిండు. ఇంకొకన్ని తెస్తె వాడే అయితడా?"

తర్వాత నా వైపు తిరిగాడు. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. బయట మొగులమ్మ గిన్నెల చప్పుడు వినిపిస్తోంది, అతను గొంతు బాగా తగ్గించాడు.

"ఒక్క మాట చెప్తె నంబరు ఇస్తుండె అవ్వ. నీకు ఎరుకే గద, ఆ డాక్టర్ మాట. కాళ్లు రావు అవ్వా, మొక్కుతోని పని లేదు అంటె, అప్పుడు ఆమె పోచమ్మను పట్టుకొని ఏం జేస్తది? నోటిదాక వచ్చిందిర. రెండుమూడు సార్లు వచ్చింది."

"మరి ఎందుకు చెప్పలే?"

"చెప్తె అవ్వకేం మిగుల్తది?"

అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. దవాఖానలో అతను నా చెయ్యి పట్టుకున్నది గుర్తొచ్చింది. ఆ రోజు నేను పెద్దమ్మకు చెప్పిన మాట ఇంకా ఈ ఇంట్లో తిరుగుతూనే ఉంది. దాన్ని వెనక్కి తీసుకునే ధైర్యం అతనికీ లేదు, నాకూ లేదు.

మొగులమ్మ చాయ్ తెచ్చింది. కొడుకు మొహం వైపు చూసీ చూడనట్టు చూసి, గ్లాసు అతని చేతికి అందేటట్టు పెట్టింది. తర్వాత గోడకున్న గూటి దగ్గరికి పోయింది. గూట్లో పసుపు పూసిన పోచమ్మ, ముందు వేపమండ, ఎప్పుడూ వెలిగే దీపం ఉన్నాయి. ఇవాళ దాని పక్కన ఇంకో మట్టిదివ్వె వెలుగుతోంది.

"గిది మీ కునుకయ్యకు పెట్టిన" అంది నాతో. "పోచమ్మ ఏమనది, ఆమె పక్కకు ఇంకొకలు ఉంటె ఆమెకేం బరువు? జాగ ఉన్నది గద. గీ దీపం ఆడికి చెల్లదా బిడ్డా?"

సంగప్ప నా వైపు చూశాడు. చెల్లుతుంది పెద్దమ్మా అన్నాను. ఇంకేమనగలను.

ఆమె మొహం కొంచెం తేలికపడింది. కొడుకు మంచం దగ్గరికి వచ్చి, దుప్పటి మీద నుంచి అతని పాదాలు ఒత్తుతూ కూర్చుంది. ఆమె ఒత్తుతున్నట్టు ఆ కాళ్లకు తెలియదు. ఆ సంగతి సంగప్పకూ నాకూ మాత్రమే తెలుసు.

"రంధి పడకు కొడుకా. నీ కాళ్లొచ్చినంక మళ్ల కట్టుకుందువు గుడి, గంతకంటె పెద్దది. ఔనా?"

సంగప్ప గ్లాసులోకి చూస్తూ ఉన్నాడు. చాయ్ మీద మీగడ కట్టింది.

"ఔనవ్వా, కట్టుకుంట" అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. నేను కూడా అనాలని చూస్తోంది. "కట్టుకుంటడు పెద్దమ్మా" అన్నాను.

మొగులమ్మ లేచి, ఉత్తకాళ్లతో గూటి దాకా పోయి, సీసా వంచి కునుకయ్య దివ్వెలో ఇంకొంచెం నూనె పోసింది.